మదార్ సాబ్ ఓడ దగ్గరికి

తొండుపల్లిలో మా డాబా ఎక్కితే దిగే విమానాల చక్రాలు కూడా కనిపిస్తాయి. అయినా 2012లో ఆ పక్కనే ఉన్న శంషాబాద్ విమానాశ్రయంలో విమానం ఎక్కడానికి నాకు నాలుగు గంటలు పట్టింది. ఉదయం ఆరుకు ఇంట్లోంచి బయలుదేరితే పదికి దుబాయ్ విమానంలో కూర్చున్నాను. మధ్యలో అన్నీ క్యూలే. చల్లారిన ఇడ్లీ తిన్నాను, దాని ధరకు ఒళ్లు మండింది.

వెళ్తున్నది ఎర్ర సముద్రానికి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి మునిగిన సరుకు ఓడ ఒకటి అక్కడ ముప్పై మీటర్ల లోతున ఉంది. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని దిగి చూడొచ్చు. ఈ డైవింగ్ నేను అండమాన్‌లో నేర్చుకున్నాను. మామూలుగా చేపలు చూడ్డానికి దిగుతాను. ఈసారి మాత్రం మహబూబ్ బీ ఖాలా పంపింది. శంషాబాద్‌లో మా దుకాణం పక్కనే వాళ్ల దర్జీ దుకాణం. ఆమె తండ్రి మదార్ సాబ్ బొంబాయి వెళ్లి, ఆ ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరి, ఓడతోపాటే పోయాడు. అప్పటికి ఖాలాకు రెండేళ్లు.

"మా అబ్బాకు గోరీ లేదు బేటా. పూలు ఏడ పెట్టాలె? నువ్వు నీళ్లల్ల దిగుతవు గదా. ఆయన పనిచేసిన కాడికి పోయి, నీ బిడ్డ సలాం చెప్పింది అను. గంతే" అంది.

దుబాయ్‌లో మారి కైరో చేరాను. మర్నాడు ఉదయం ఎనిమిదికి ఎర్ర సముద్రం ఒడ్డునున్న హుర్ఘదాకు బస్సు. ఆరు గంటలు ఎడారి, ఆరు గంటలూ టీవీలో అరుపుల సినిమా. పక్క సీటు పెద్దాయన వచ్చిన పని కనుక్కుని, "ఇంత దూరమా? మీ దేశంలో సముద్రం లేదా?" అన్నాడు. "ఉంది, ఆ ఓడ లేదు" అన్నాను విసుగ్గా. ఆయన నవ్వి నారింజపండు ఒలిచి సగం ఇచ్చాడు.

మూడో రోజు తెల్లవారి ఐదింటికి పడవ కదిలింది. మొత్తం పన్నెండు మందిమి, అందరి చేతుల్లో కెమెరాలు. గైడు హసన్ పలక మీద ఓడ బొమ్మ గీసి లారీలెక్కడ, మోటారు సైకిళ్లెక్కడ, బూట్లెక్కడ అన్నీ వివరించాడు. మనుషుల మాట ఎత్తలేదు.

"బొగ్గు వేసేవాళ్లు ఎక్కడుండేవారు?" అని అడిగాను.

"వెనక, ఇంజిన్ గదిలో. అక్కడ చూసేదేం లేదు. చివర్లో తీసుకెళ్తాలే" అన్నాడు.

తొమ్మిదికి దిగాం. ఓడ లోపల ఒక చెక్క మీద ఆరు బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి, మడమలు అరిగిపోయినవి. వాటి పక్కన ఫోటో కోసం నీళ్లలోనే క్యూ కట్టారు. నేనూ నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ నాకు తెలియదు, అందరూ నిలబడ్డారు కాబోలు. నా వంతు వచ్చింది, హసన్ నా కెమెరాతో ఫోటో తీశాడు. అప్పుడు మీటరు చూసుకుంటే గాలి యాభైకి పడిపోయింది. యాభై చూపిస్తే ఎవరైనా పైకి వెళ్లాల్సిందే. ఇంజిన్ గది గుమ్మం పదిహేను అడుగుల దూరంలో నల్లగా కనిపిస్తోంది. నేను అటు చూపించాను. హసన్ నా చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చాడు.

పడవెక్కగానే విరుచుకుపడ్డాను. "డెబ్భై ఏళ్లుగా ఆ బూట్లు అలా వరసగానే ఉన్నాయా?"

"నేనే పెడతాను, రోజూ పొద్దున్నే. వచ్చినవాళ్లు అదే అడుగుతారు."

"చచ్చినవాళ్ల బూట్లతో బొమ్మల కొలువు పెడతావా? సిగ్గు లేదూ?"

హసన్ కోపగించుకోలేదు. "మరి నువ్వెందుకు నిలబడ్డావు?" అన్నాడు.

మధ్యాహ్నం రెండోసారి దిగాలి. సముద్రం మీద గాలి లేచిందని పడవ వెనక్కి తిప్పేశారు. డైవింగ్ చేశాక ఒక రోజు విమానం ఎక్కకూడదు కాబట్టి మర్నాడంతా హోటల్ గదిలో కూర్చున్నాను. హసన్‌నీ, కెమెరాల వాళ్లనీ, గాలినీ తిట్టుకుంటూనే ఉన్నాను.

శంషాబాద్‌లో ఉదయం తొమ్మిదికి దిగాను. బయట ఖాలా నిలబడి ఉంది, ఒక్కతే ఆటో కట్టించుకుని వచ్చింది.

"అబ్బా కాడికి పోయినవా? ఫోటో సూపియ్యి."

లేదనలేకపోయాను. కెమెరా ఇచ్చాను. కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"బూట్లు ఎంత పద్ధతిగ సర్దిండ్రు బేటా! ఇన్నేండ్లకు గూడ ఎవరో ఆళ్లను సూస్కుంటున్నరు. దిక్కులేకుండ పడి ఉన్నడేమో అని నేనే పరేషాన్ అయిన. అల్లా ఆ సర్దినోళ్లను సల్లగ సూడాలె. నా సలాం అందిందా?"

"అందింది ఖాలా" అన్నాను.

ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. హసన్‌ని తిట్టిన తిట్లన్నీ ఆటోలో ఇంటిదాకా నన్ను నేనే తిట్టుకున్నాను. అవీ చాలలేదు.

మీలో ఎవరైనా ఆ ఓడకు వెళ్తే ఫోటో క్యూలో నిలబడకండి. సిలిండర్‌లో గాలి నిండుగా ఉన్నప్పుడే నేరుగా వెనక ఇంజిన్ గదికి వెళ్లండి. మదార్ సాబ్ ఉండేది అక్కడే. శంషాబాద్ నుంచి మీ బిడ్డ మహబూబ్ బీ సలాం చెప్పింది అనండి. నేను చెప్పలేదు.