డిక్కీలో పుట్టింటి చీర

మీలో ఎవరైనా పాత కారు కొనే ఆలోచనలో ఉంటే ఇది చదివి మానుకోండి. మానుకోలేకపోతే, కనీసం పుట్టింటి చీరను డిక్కీలో పెట్టకండి. నేను పెట్టాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యాన్ని మా బంధువుల్లో ఎవరు పోయినా ఆదరణ కూడికలో టీ తాగుతూ చెప్పుకుంటారు. ముందు అందరూ నవ్వుతారు. తర్వాత మా మావగారు గుర్తొచ్చి గ్లాసుల్లోకి చూస్తారు. నేను మాత్రం ఆ కథ మొదలవగానే చెప్పులు వెతుక్కునే నెపంతో బయటికి వచ్చేస్తాను.

మాది బందరు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు పూత పెట్టే చిన్న యూనిట్టు నాది. రాగి మీద బంగారం పూసి, "అచ్చం బంగారంలా లేదూ?" అని అమ్ముకుని బతికేవాణ్ణి. పై మెరుపు చూసి మోసపోకూడదన్న సంగతి ఈ జిల్లాలో అందరికంటే నాకే బాగా తెలియాలి. ఆ తెలివి గుడివాడ దాకా నాతోపాటే బస్సులో వచ్చింది. బస్టాండులో నేను దిగాను, అది దిగలేదు.

నందివాడ రోడ్డులో వీర్రాజు అనే బ్రోకరుకు ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో తెల్లటి కారు తళతళలాడుతోంది. వెనకద్దం మీద బైబిలు వాక్యం అతికించి ఉంది.

"ఓనరెవరండీ?" అని అడిగాను.

"పాస్టరు గారండీ. సింగిల్ ఓనరు. సువార్త పనికి తప్ప బయటికి తియ్యలేదండీ."

అంతే, నేను కరిగిపోయాను. మేం తాతల కాలం నుంచీ చర్చికి వెళ్లేవాళ్లం. పాస్టరు గారి బండి కింద మెకానిక్కును పడుకోబెట్టి టార్చి వేయిస్తే, ఆ పెద్దమనిషి ముఖం నేను మళ్లీ ఎలా చూడగలను? నిజానికి ఆయన ముఖం అంతకు ముందు కూడా చూడలేదనుకోండి. అయినా ఆ బాధ నాకు కలిగింది.

మా ఆవిడ సుజాత ఫోనులోనే చెప్పింది. "ఏవండీ, మన మెకానిక్కు ఖలీల్ భాయికి ఒకసారి చూపిద్దామండీ."

"తప్పు సుజాతా. అది ఆయన్ని అనుమానించినట్టే."

"అనుమానించేది పాస్టరు గారిని కాదండీ, కారుని."

"రెండూ ఒకటే," అన్నాను గంభీరంగా. ఇంతటి మూర్ఖమైన మాటను అంత నిండైన గొంతుతో నేను మళ్లీ ఎన్నడూ అనలేదు.

వీర్రాజును నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఆ సువార్త ఎక్కడ జరిగింది? సముద్రపు పోటు రోడ్డెక్కే ఊళ్లలో జరిగిందని చాలా కాలానికి తెలిసింది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో మునిగి లేచిన బండి అది. మా సంఘంలో ఎవరూ అన్నిసార్లు బాప్తిస్మం తీసుకోలేదు.

కారుకు మా చర్చి ముందు ప్రార్థన చేయించి అందరికీ లడ్డూలు పంచాను. కొన్నాళ్లకు డిక్కీలో పరిచిన కార్పెట్టు ఎప్పుడూ తడిగా ఉండటం మొదలైంది.

"ఏసీ నీళ్లు," అని వివరించాను.

"ఏసీ ముందుంటుంది కదండీ?" అంది సుజాత.

"నీకు కార్ల గురించి తెలీదు."

నాకు తెలిసినట్టు! ఆ మాట అన్న నెలలోనే మా మావగారి అక్క మార్తమ్మగారు పోయారని కబురొచ్చింది. నాగాయలంక దాటి లోపలికి వెళ్లాలి వాళ్ల ఊరు. మావగారు దేవరత్నంగారికి ఊహ తెలియకముందే తల్లి పోతే, ఆ అక్కే చంకనేసుకుని పెంచింది. తను తినేటప్పుడు ముద్ద చేసి ముందు ఆయన నోట్లో పెట్టేదట. ఆడమనిషి పోతే పుట్టింటి వాళ్లు చీర తీసుకెళ్లి కప్పాలి. అది కప్పేదాకా శవపెట్టెకు మూత వెయ్యరు. మార్తమ్మగారికి పుట్టిల్లంటే ఇక మిగిలింది ఈ తమ్ముడొక్కడే.

పక్కనే ఉన్న తమ ఊరు గూడూరు నుంచి ఆయన పొద్దున్నే బందరు వచ్చి బట్టల కొట్టు తెరిచేదాకా అరుగు మీద కూర్చున్నారట. పెళ్లిళ్లకూ పండగలకూ చీరలు ఎంచడం మా అత్తగారి పని. ఆవిడ ఉన్నంతకాలం మావగారు చీరల కొట్టు గడప తొక్కి ఎరగరు. ఆ రోజు ఒక్కరే కూర్చుని, కొట్టువాడు విసుక్కునేదాకా ఏరి ఏరి ఒకటి తీసుకున్నారు. మేం వెళ్లేసరికి ఆ కవరును గుండెకు ఆనించుకుని బస్టాండులో నిలబడి ఉన్నారు. పక్కనే అవనిగడ్డ బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది.

"నేనిందులో వెళ్తా బాబూ. మీరిద్దరూ వెనకాల రండి," అన్నారు.

"ఇంట్లో కారుండగా మీరు బస్సెక్కితే అక్కడ నలుగురూ నన్నేమంటారండీ?"

"ఎవరూ ఏమీ అనరు బాబూ. చావింటికేగా."

"అలా ఎలా కుదురుతుందండీ!" అని ఆయన సంచీ లాక్కున్నాను. బస్సు వెళ్లిపోయింది. ఆ బస్సు ఆ రోజు సమయానికే అవనిగడ్డ చేరింది. తర్వాత కనుక్కున్నాను.

కారెక్కాక ఆయన చీర కవరును ఒళ్లో పెట్టుకున్నారు.

"ఒళ్లో ఎందుకు మావయ్యగారూ, నలిగిపోద్ది. డిక్కీలో పరిచినట్టు పెడతా. ఇలా ఇవ్వండి."

"ఉండనీ బాబూ. నాకేం బరువు కాదు."

"సొంత కారు పెట్టుకుని బస్సులోలాగా ఒళ్లో మూటలేంటండీ!"

ఆయన ఇచ్చారు. ఇస్తూ ఒకసారి కవరును చేత్తో సవరించారు. ఆ చెయ్యి నాకింకా కనిపిస్తుంది. నేను డిక్కీ తెరిచి, కార్పెట్టు మీద రెండు చేతులతో పెట్టాను. కార్పెట్టు కింద స్టెప్నీ టైరు. స్టెప్నీ కింద రేకు ఉండాలి. ఉప్పుకు తుప్పు పట్టి అక్కడ అప్పటికి మిగిలింది రేకు కాదు, రంగు.

చల్లపల్లి దాటాం. మోపిదేవి ఇంకా రాలేదు. కాలవ పక్కన రోడ్డు మీద పెద్ద గతుకులో పడి కారు ఎగిరింది. వెనకాల దబ్బుమని చప్పుడు.

"ఏంటండీ అది?" అంది సుజాత.

"రోడ్డు," అన్నాను.

అద్దంలో చూశాను. మా వెనక ఒక టైరు తనంతట తాను దొర్లుకుంటూ కాలవ గట్టు వైపు పోతోంది. నాకు నవ్వు ఆగలేదు. చావింటికి వెళ్తున్నామని కూడా మర్చిపోయి పగలబడి నవ్వాను.

"మావయ్యగారూ, వెనక్కి చూడండి! ఎవరిదో టైరు ఊడిపోయి కాలవలోకి పరిగెడుతోంది!"

ఆయన మెడ తిప్పి చూశారు. నవ్వలేదు. "పాపం, ఎవరి బండో," అన్నారు.

గట్టు మీద ఇద్దరు ముగ్గురు మనుషులు మా వైపు పరిగెత్తుతూ చేతులు ఊపుతున్నారు. నేను కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి హుషారుగా ఊపాను.

"ముక్కూ మొహం తెలియకపోయినా ఎంత మర్యాదో చూడు," అన్నాను సుజాతతో. ఇంకొంచెం దూరం పోయాక, "బండి పికప్పు కూడా బాగా పెరిగినట్టుంది, తేలిగ్గా పోతోంది," అని కూడా అన్నాను. ఇది దాచేద్దామనుకున్నాను. కానీ సుజాత చదువుతుంది కదా, చెప్పక తప్పదు.

మేం చేరేసరికి షామియానా కింద పాటలు పాడుతున్నారు. "తమ్ముడొచ్చాడు, తమ్ముడొచ్చాడు," అంటూ జనం దారి ఇచ్చారు. మార్తమ్మగారి పెద్ద కొడుకు ఏలియా ఎదురొచ్చి మావగారి చేతులు పట్టుకున్నాడు.

"మావయ్యా, గుంటలో నీళ్లూరుతున్నయ్. ఇద్దరు తోడతానే ఉన్నారు. చీర కప్పేస్తే మూతేసేద్దాం."

అక్కడ నేల అంతే. నడుం లోతు తవ్వితే చాలు, నీరు వస్తుంది. ఆలస్యం చేస్తే మనిషిని నీళ్లలోకి దించాలి.

"చీర నేను తెస్తానండీ," అని అందరి ముందూ డాబుగా వెళ్లి డిక్కీ తెరిచాను. డిక్కీలోంచి నేల కనిపించింది. గడ్డి కనిపించింది. గడ్డిలోంచి ఒక కోడిపిల్ల తలెత్తి నన్ను చూసింది.

సుజాత వచ్చి తొంగి చూసి, నా ముఖం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆ టైరు..." అంది.

"మనదే," అన్నాను.

మావగారు వెనకే వచ్చారు. చూశారు. "బైకు మీద వెళ్లి వెతుక్కొస్తానండీ, ఎంతసేపు! లేకపోతే ఇంకోటి కొనుక్కొస్తా," అని నేను గుక్క తిప్పుకోకుండా అంటుంటే ఏలియా అడ్డుపడ్డాడు. "కుదరదు తమ్ముడూ. నువ్వెళ్లొచ్చేసరికి గుంట నిండుద్ది."

పెద్ద కోడలు లోపలికి పరిగెత్తి బీరువాలోంచి కొత్త చీర తెచ్చింది. మూలన కూర్చున్న ఒక ముసలావిడ అడ్డం చెప్పింది. "అది అత్తింటి చీర. పుట్టింటిది ఎట్టా అవుద్దే?"

పాట ఆగిపోయింది. మావగారు నెమ్మదిగా వెళ్లి పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. ఖాళీ చేతులు పెట్టె అంచు మీద పెట్టారు.

"అక్కా, చీర తెచ్చానే," అన్నారు. "నేరేడుపండు రంగుది. అంచు సన్నం. కొంగు మీద చిన్న చిన్న పూలు. కొట్టువాడు పసుపుది తీసుకోమన్నాడు. మా అక్క ముదురు రంగులే కడతదని నేనే వద్దన్నా. మెత్తగా ఉంటది, నీకు గుచ్చుకోదు. ఒళ్లోనే పెట్టుకున్నానే. దారిలో జారిపోయింది."

నా పేరు చెప్పలేదు. డిక్కీ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! నేను షామియానా గుంజ పట్టుకుని ఏడ్చాను. చూసినవాళ్లు మార్తమ్మగారంటే నాకు ఎంత ప్రేమో అనుకున్నారు. మూత వేసేశారు.

భూస్థాపన చేసి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే వాకిట్లో స్కూటరు ఆగింది. దాని మీద ఒక మనిషి, అతని ముందు మా స్టెప్నీ.

"వెనకద్దం మీద వాక్యమున్న తెల్లకారు ఎవరిదండీ? అడుక్కుంటా అడుక్కుంటా వచ్చా. మీ టైరు."

అందరికంటే ముందు మావగారు లేచారు. "దాంతోపాటు కవరేమన్నా దొరికిందా బాబూ?"

"పడిందండీ. టైరు తుమ్మచెట్టుకి తగిలి ఆగిపోయింది. కవరు కాలవలో పడి విచ్చుకుంది. నేరేడు రంగు చీర. మేం దిగేలోపే నీళ్లు లాక్కుపోయినయ్." అతను నా వైపు చూశాడు. "ఆపమని ఎంత కేకేశామండీ! చేతులు కూడా ఊపాం. ఈయనగారు నవ్వుకుంటా తిరిగి చెయ్యూపి వెళ్లిపోయారు."

షామియానా కింద ఉన్న జనమంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఎక్కడో ఒక ముక్కు చీదిన చప్పుడు. అది ఏడుపు కాదు. ఏలియా తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. తర్వాత ఆ చావిల్లంతా నవ్వింది. పొద్దుటి నుంచీ ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతోనే నవ్వింది. నవ్వనివాళ్లం ఇద్దరమే.

మావగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "టైరు దొరికింది గదా బాబూ. ఇంక భయం లేదు. మీరు నిదానంగా వెళ్లండి. నేను బస్సులో వస్తా."

స్టెప్నీ పెట్టడానికి మాకు డిక్కీ లేదు. ఆయన కూర్చోవాల్సిన సీట్లో దాన్ని కూర్చోబెట్టుకుని బందరు చేరాం. ఆయన ఉన్నన్నాళ్లూ మళ్లీ ఏ కారులోనూ నా పక్కన కూర్చోలేదు. ఎప్పుడు పిలిచినా, "బస్సులో గాలి బాగా తగులుద్ది బాబూ," అనేవారు.

కాబట్టి దేవుని ఎదుటా, సంఘం ఎదుటా, చదువుతున్న మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. పాస్టరు గారిదైనా సరే, బిషప్పు గారిదైనా సరే, కింద వెల్లకిలా పడుకుని చూడకుండా ఏ బండీ కొనను. రోడ్డు మీద దొర్లే టైరును చూసి నవ్వను. కాలవ గట్టు మీద ఎవరు చెయ్యి ఊపినా తిరిగి ఊపను, బ్రేకు వేస్తాను.

వేస్తున్నాను కూడా. మొన్న మోపిదేవి దగ్గర బడి పిల్లలు ఊపితే ఆపాను. "ఊరికే ఊపుతున్నారండీ, పదండి," అంది సుజాత. అయినా దిగి డిక్కీ చూసుకున్నాను. తర్వాత కాసేపు కాలవ వైపు చూశాను.