షాహీన్‌కు నేను వేసిన వయసు

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఆ మాట కూడా సగమే నిజం. ఆడింది నేను, దెబ్బలు తిన్నది పన్నెండేళ్ల పిల్ల. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ప్రొద్దుటూరులో నాది జాకెట్లు కుట్టే అంగడి. పక్కింటి జమీలా కూతురు షాహీన్ బడి వదలగానే నా దగ్గరికొచ్చి మగ్గం పని నేర్చుకునేది. వాళ్ల నాన్న కువైట్‌లో ఉంటాడు. షాహీన్ వాడే ఫోను ఆయన పంపిందే. పిల్ల చేతిలో పనితనం ఉంది. తను కుట్టేటప్పుడు వీడియో తీసి వీడియోల యాప్‌లో పెడితే నా అంగడికి పేరొస్తుందని ఆశపడ్డాను. పెట్టమన్నది నేనే.

ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే షాహీన్ ఉన్నదే కొట్టింది. యాప్ ఒప్పుకోలేదు.

"అమ్మనడిగి రావల్లంట అత్తా," అనింది.

"మీ యమ్మ యాడ ఒప్పుకుంటాది? నా పుట్టిన తేదీ ఎయ్. ఏం గాదులే," అన్నాను.

వేయకుండా నా మొహం చూసింది. ఫోను తీసుకుని నేనే వేశాను. అలా ఆ పిల్లకు ఒక్క నిమిషంలో ముప్పై నాలుగేళ్లు వచ్చాయి.

నెల తిరక్కముందే ముక్కూమొహం తెలియని మగవాళ్లు పాడు మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టారు. జమీలా చూసింది. దొంగ వయసు వేసుకుందని కూతుర్ని నా ఎదురుగానే కొట్టింది. షాహీన్ ఒక్కసారి నా వైపు చూసింది గానీ నా పేరు చెప్పలేదు. నేను నోరు తెరవలేదు. ఎందుకు? జమీలా అంటే భయమా? అంగడికి ఎవరూ రారనా? రెండూ ఉన్నాయి, కానీ అంతకంటే పాపిష్టిది ఇంకొకటుంది: పిల్ల చెప్పదని తెలిశాక నా ప్రాణం కుదుటపడింది. దానికి నా మీద నాకే అసహ్యం. షాహీన్‌ను బడి మాన్పించి వేంపల్లెలో అవ్వ దగ్గర పెట్టారు.

మొన్న అంగడిలో కొత్త చట్టం మాటొచ్చింది. పిల్లలు యాప్ వాడాలంటే తల్లో తండ్రో ఒప్పుకున్నట్టు రుజువుండాలట. మంచిదే అన్నారు అందరూ. సిగ్గు లేకుండా నేనూ తలూపాను.

"నా కూతురు మాదిరి బిడ్డలే అబద్ధమాడితే చట్టమేం జేస్తాది?" అనింది జమీలా.

ఆరేళ్ల తర్వాత కూడా అదే మాట. అప్పుడే తేల్చుకున్నాను. రేపు ముందు జమీలాకు చెబుతాను. తర్వాత వేంపల్లె బస్సెక్కి షాహీన్ ఎదుట నిలబడతాను. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. అంగడి ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఇది రాశాక మాత్రం ఊపిరాడుతోంది.

ఆ తేదీ వేసింది నేను. షాహీన్ తన వయసు నిజమే చెప్పింది.