ఎర్రనీళ్ళ బావి గట్టున మా మేనత్త

సోమవారం పొద్దున పొయ్యి రాజేస్తుండగా అత్త ఇంటి పనిమనిషి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మెంబరమ్మ పోయిందమ్మా, నిద్దట్లోనే" అని గుమ్మంలోనే కూలబడింది. అత్త మా నాయనకు అక్క. చిత్తూరులో మా వీధివాళ్ళందరికీ మెంబరమ్మ. మీలో చాలామందికి ఆమె గుర్తుండే ఉంటుంది. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఆమె లేని వీధిలో ధైర్యంగా ఉండటం నాకు అలవాటు లేదు.

చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. మునిసిపాలిటీలో ఆడవాళ్ళ తరఫున ఒకరుండాలని గవర్నమెంటువారు ఆమెను మెంబరుగా వేశారు. మీటింగు అయిన మర్నాడు, భోజనాలయ్యాక, పెరటి దారుల వెంట ఇల్లిల్లూ తిరిగేది. ముందు గుమ్మంలోకి ముండమోపి వస్తే మొహం చిట్లించేవాళ్ళు ఉంటారని ఆమెకు తెలుసు. ఆ మాట మాత్రం ఎన్నడూ అనలేదు. "వంటింట్లో ఉండేవాళ్ళకు దండోరా డప్పు వినపడతాది గానీ మాట వినపడదు" అనేది. బియ్యం ఏరేవాళ్ళ పక్కన కూర్చుని తనూ ఒక చేట అందుకుని, కుళాయి ఏ వీధిదాకా వస్తుందో, చెత్తబండి ఎందుకు రావడం లేదో చెప్పేది. "చేసేది చెప్తాను, చెయ్యంది గూడా చెప్తాను. తిట్టేదుంటే నన్నే తిట్టండి." మేమూ మొహమాటపడలేదు. వీధిదీపం వెలగలేదని మా అమ్మ ఆమెను నెలంతా సాధించింది.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఎండాకాలం కలరా వచ్చింది. ఆ పేరు నోటితో అనడానికే భయం, పిలిస్తే పలుకుతుందేమోనని. వెనక వీధిలో పొద్దున మాతో మాట్లాడిన మనిషిని సాయంత్రానికి మోసుకుపోయారు. మర్నాడు మునిసిపాలిటీ మనుషులు వచ్చి మా వీధికంతా ఉన్న ఒక్క చేదబావిలో మందు కలిపారు. నీళ్ళు ఎర్రబడ్డాయి. బొక్కెన పైకి లాగిన ఎదురింటావిడ కెవ్వుమని తాడు వదిలేసింది.

"రోగం ఉన్నోళ్ళనీ లేనోళ్ళనీ ఒకేసారి సంపేదానికి పోసినారు!"

ఆడవాళ్ళు బిందెలు చంకనెత్తుకుని ఏటి చెలమలకు బయలుదేరారు. రోగుల గుడ్డలు ఉతికేది ఆ చెలమలకు ఎగువనే. అత్త పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"ఆడికి పోవద్దండి. ఇది మందే, విషం కాదు."

"అయితే నువ్వు తాగు మెంబరమ్మా, సూస్తాం" అంది ఎదురింటావిడ.

అత్త నీళ్ళు చేది, దోసిలిపట్టి తాగింది. "ఈడే కూసోనుంటా. పొద్దుగూకేదాకా సూడండి. నాకేమన్నా అయితే అప్పుడు ఏటికి పోండి" అని గట్టు మీద కూర్చుంది. వాళ్ళు ఖాళీ బిందెలతో ఎవరి గుమ్మాల్లో వాళ్ళు నిలబడ్డారు.

నా కూతురికి అప్పుడు రెండేళ్ళు. ఇంట్లో కుండ అడుగంటింది. బిడ్డ పెదవులు ఎండి నీళ్ళకోసం ఒకటే ఏడుపు. చెంబు తీసుకుని అత్త దగ్గరికి పోయాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

"బిడ్డకు ఇప్పుడే పట్టొద్దమ్మే. నేను సాయంత్రందాకా బాగుంటే అప్పుడు పట్టు."

"నీకూ తెలీదా అత్తా?"

"మంచిదని డాక్టరు చెప్పినాడు. నమ్మినాను. అయినా భయం పోలేదు. కడుపులో మెలిపెడతా ఉండాది. మందుకో, భయానికో. రొంతసేపు పెరట్లోకి పోవాల, పోతే వీళ్ళేమనుకుంటారు?"

ఒక్కసారి లేచి పెరటివైపు నడిస్తే చాలు, మెంబరమ్మకు భేదులు పట్టుకున్నాయని వీధంతా ఏటికి పరుగెత్తేది. అందుకని ఆమె కదల్లేదు. చెమటలు కారుతున్నా నవ్వుమొహం పెట్టి, ఎదురింటావిడను కోడలి సీమంతం ఎప్పుడని అడిగింది. నేను కుండ అడుగు తడిలో గుడ్డ ముంచి బిడ్డ పెదవులు తడుపుతూ, అత్త మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. ఈమె పోతే ఎట్లా అనుకున్న మరుక్షణమే బిడ్డకు నీళ్ళు ఎట్లా అనిపించేది. దేనికి ఎక్కువ భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

పొద్దుగూకింది. అత్తకు ఏమీ కాలేదు. ఎదురింటావిడే ముందు వచ్చి బొక్కెన వేసింది. అత్త లేచి దాదాపు పరుగెత్తుతూ ఇంటికి పోయింది. ఎవరూ నవ్వలేదు.

ఆ ఎండాకాలం మా వీధినుంచి ఎవరినీ మోసుకుపోలేదు. ఇందుకు నేను ఆమెకు ఒక్క మంచిమాట చెప్పలేదు. ఇంటి మనిషికి అలాంటివి చెప్పం గదా.

కాళ్ళు కడుక్కుని ఆమె నేరుగా మా ఇంటికే వచ్చింది ఆ సాయంత్రం. "ఇప్పుడు పట్టు" అంది. బిడ్డ నోటికి గ్లాసు అందించాను. మొదట మొహం చిట్లించింది, తర్వాత రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది. వీధినంతా తాగమన్న అత్త గుంజకు ఆనుకుని నిలబడి, బిడ్డ మింగిన ప్రతి గుటకకూ తనూ గుటక మింగుతూ, కదులుతున్న ఆ చిన్న గొంతు మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయింది.