శౌరయ్య స్వాములు విప్పిన అంగీ

శౌరయ్య స్వాముల తెల్ల అంగీలు పదకొండేళ్లు ఉతికాను. మా కతోలిక గుడి స్వాములుండే విచారణ బంగళాలో వంటమనిషిని, రెబెక్కమ్మను. ఆయన గురించి ఇప్పుడు ఎవరెవరో ఏదేదో చెబుతున్నారు. చెప్పుకోనీ. ఆ అంగీల మురికి తెలిసినదాన్ని నేను.

యాభై తొమ్మిదిలో పంచాయతీ ఓటంటే చేతులెత్తడమే. మా పల్లె, పక్కనున్న జాలర్ల పట్టపుపాలెం ఒకే వార్డు. పాలెం పెద్దకాపు, వాళ్ల కులపెద్ద ముత్యాలయ్య ఎదురుగా నిలబడి చూస్తుంటే అందరం ఆయనకే ఎత్తాం. చేపలమ్ముకునే మస్తానమ్మ ఒక్కతే ఎత్తలేదు. పొద్దుగూకేలోపు ఆమె మీద దురాయి వేశారు. ఇక పాలెంలో ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు, గంప తలకెత్తకూడదు. మర్నాడు మా స్వాములు ఆ గంప తన నెత్తిన పెట్టుకుని కోవూరు బస్సు దాకా నడిచారు.

"మన గుడి మనిషి గూడా కాదు గదా స్వామీ" అన్నాను, అంగీ మీద చేపనీళ్ల మరకలు రుద్దుతూ.

"ఆమె చెయ్యి ఆమెది గదమ్మా" అన్నారు.

అప్పట్నుంచి ఆయనకు అదే పిచ్చి. ఎవరికి వేసిందీ ఎవరికీ తెలియకుండా పెట్టెలో ఓటు వేయాలట. రేవు రేవుకూ తిరిగి అర్జీల మీద వేలిముద్రలు వేయించారు. వెంకటాచలంలో రోడ్డు మీద కూర్చుని అరెస్టయ్యారు. చివరికి మేత్రాణుల వారి, అదే బిషప్పు గారి ఉత్తరం వచ్చింది. అర్జీలైనా మానాలి, అంగీ అయినా విప్పాలి. అంగీ విప్పి, మడిచి, నా చేతిలో పెట్టారు.

"ఉతకొద్దులే" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. మా అమ్మ పోయేటప్పుడు తల దగ్గర కూర్చుని జపం చెప్పింది ఆయనే. గుడిలో నేను చెప్పుకునే పాపాలన్నీ విన్నది ఆయనే. ఒక చేపలమనిషి కోసం మమ్మల్ని వదిలేశాడా అనుకున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ అనిపించలేదు. వంట చేశాను, కొత్త స్వాముల అంగీలు ఉతికాను.

అరవై నాలుగులో పెట్టె వచ్చింది. ముత్యాలయ్య మీద మస్తానమ్మ నిలబడింది. శౌరయ్య గారు పంచె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మీకిష్టమైనవాళ్లకే వేయండి అన్నారే గానీ మస్తానమ్మ పేరైనా ఎత్తలేదు. ఏం చాదస్తమో.

మస్తానమ్మ మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. అందులో ఒకటి నాది. తడిక చాటున, ఎవరూ చూడకుండా, ముత్యాలయ్యకు ముద్ర వేశాను.

ఎవరు ఎవరికి వేశారో తెలియక ఈసారి దురాయి ఎవరి మీదా వేయలేకపోయారు. శౌరయ్య గారు బడి అరుగు మీద కూర్చుని ఉంటే మజ్జిగ తీసుకెళ్లాను.

"స్వామీ, నేను ముద్ర..."

"చెప్పొద్దు రెబెక్కమ్మా. చెప్పకుండా ఉండేదానికే గదా ఇంత చేసింది."

మజ్జిగ తాగి గ్లాసు ఇచ్చేశారు.

ఇప్పటికీ ప్రతి శనివారం కొత్త స్వాముల దగ్గర పాపాలు చెప్పుకుంటాను. అదొక్కటి చెప్పను. వినాల్సినాయన వినలేదు.