కాకికి పెట్టిన ఉప్పులేని ముద్ద

మా కుక్కపిల్ల కడుపు ఎంత సున్నితమంటే, బిస్కెట్ ముక్క తిన్నా నేను వరండా కడుక్కోవాల్సిందే. కిరుమాంబాక్కం ఊళ్ళో మా పిన్నివాళ్ళ పొలంలో పుట్టింది. ముద్దొచ్చి చంకన పెట్టుకొని సారం పేటలో ఉండే మా ఇంటికి తెచ్చేసినాను.

మా ఇంటాయన నాలుగు దినాలు ఓర్చుకున్నాడు. అయిదో దినం ఖరాఖండిగా చెప్పేసినాడు. "ఆదివారంలోగా దీని కడుపు కుదురుకోకపోతే మీ పిన్ని ఇంట్లోనే వదిలేసి వస్తా." నాకు ఒళ్ళు మండింది. అప్పటికే అది నా కొంగు పట్టుకొని ఇల్లంతా తిరుగుతా ఉంది. దాన్నెట్లా వదిలేది?

డాక్టరు చెప్పినట్టే చేసినాను. మెత్తగా ఉడికిన అన్నం, గుమ్మడికాయ. చికెన్ వేరేగా ఉడికించి, ఎముకలు ఏరి, వేళ్ళతో చిదిమి దాంట్లో కలిపేది. ఉప్పు లేదు, నూనె లేదు. నా బిడ్డలకు కూడా ఇంత ఓపిగ్గా వండలేదు, దేవుడి తోడు! పొద్దున బాగానే ఉండేది. మధ్యానం దాటితే మళ్ళీ అదే కథ.

"నువ్వే దొంగతనంగా ఏందో పెడతా ఉండావు," అని ఆయన మీద ఎగిరినాను. "నాకేం పని లేదా?" అన్నాడు. సరే చూద్దామని, శనివారం మధ్యానం పెరటి తలుపు చాటున నిలబడినాను.

దొంగ ఆయన కాదు. మా అత్త రోజూ తినేముందు, సాంబారన్నంలో నెయ్యి కలిపి పెరటి గోడ మీద కాకికి ముద్ద పెడుతుంది. కాకి ముక్కుతో పొడిచి సగం కిందికి తోసింది. కింద మా మహాతల్లి తోకాడించుకుంటా కాచుకొని ఉంది. ఒక్క మెతుకు మిగల్చలేదు.

"అత్తా, కొన్ని దినాలు కాకికి పెట్టొద్దు," అనేసినాను. ఆమె మొహం వాడిపోయింది. మామ పోయినప్పటి నుంచి ఆ ముద్ద ఒక్క దినం తప్పలేదు. ముందు ఆయనకి, తరవాతే ఆమె నోట్లోకి. మిద్దె మీద పెట్టమంటే మోకాళ్ళ నొప్పితో ఎక్కలేదు, ఇంకొకరి చేత పెట్టనివ్వదు. కుక్కపిల్లను కట్టేస్తే అరిచి వీధంతా ఏకం చేస్తుంది. ఎందుకన్నానా అని ఆ సాయంత్రమంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం మధ్యానం మా ఇంటాయన బండి తాళం చేతబట్టుకొని నిలబడినాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు అత్త వంటింట్లోకి వచ్చింది. సాంబారు గిన్నె జోలికి పోలేదు. చికెన్ ఇంకా కలపని కుక్కపిల్ల అన్నంలోంచి ఒక ముద్ద తీసుకొని పెరట్లోకి పోయింది. మేమిద్దరం వెనకే పోయినాం.

ఉప్పు కాస్త తక్కువైతే కంచం తోసేసి లేచిపోయే మనిషి మా మామ. అత్త ముద్దను గోడ మీద పెట్టి, కాకిని పిలిచి, మెల్లిగా చెప్పింది: "ఏమనుకోవద్దండి. బిడ్డకి కడుపు బాగలేదు. కొన్ని దినాలు మీరూ ఉప్పు లేకుండా తినండి."

మా ఇంటాయన లోపలికి పోయి తాళాన్ని మేకుకు తగిలించేసినాడు.

కాకి వచ్చింది. ముద్దను చూసింది, అత్తను చూసింది. పొడుచుకొని తినేసింది, కింద పడినదాన్ని మా కుక్కపిల్ల నాకేసింది.

"బతికుండగా ఒక్క దినమన్నా ఇట్లా నోరెత్తకుండా తిన్నాడా!" అని అత్త కళ్ళు తుడుచుకుంటా నవ్వింది.