మాబీ ఎర్మిన్ ముక్కు

దీవిలోని రేవు పట్నంలో, స్వాన్ వీధి మొదట్లో నిలబడి ఎర్మిన్ గ్రీనిడ్జ్ "మాబీ!" అని ఒక్క కేక వేస్తే, మేడల మీద కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళు కూడా కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టేవారు. గొంతు అంతటిది, మనిషి మాత్రం రివటలా ఉండేది. నెత్తిమీద గుడ్డ చుట్టకుదురు, దానిమీద మోకాలెత్తు తగరపు డబ్బా, డబ్బాకి అడుగున చిన్న కుళాయి. ఎవరు ఆపినా డబ్బా దించేది కాదు. మెడ కదలకుండా చెయ్యెత్తి కుళాయి తిప్పి, చెవి పక్కనుంచి జారే ధారని చూడకుండానే గ్లాసులోకి పట్టేది. భుజం మీద ఒక్క చుక్క పడేది కాదు.

మాబీ బెరడు, దాల్చినచెక్క, లవంగాలు, ఎండిన నారింజ తొక్క కలిపి సాయంత్రం పూట కాచి, చల్లారాక పంచదార కలిపి ఉంచేది. పొద్దున్నే ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తునుంచి పోస్తూ నురగ తెప్పించేది. మొదటి గుక్కకి మొహం ముడుచుకుపోతుంది. మూడో గుక్కకి నాలుక అడుగునుంచి తీపి ఊరుతుంది. ఆ తర్వాత మనిషి రోజూ వస్తాడు.

అలా రోజూ వచ్చేవాళ్ళలో డార్న్లీ హోల్డర్ ఒకడు. పడమటి తీరంలో ఒక హోటల్లో రమ్ము పానీయాలు కలిపే పని. యాభై దాటిన మనిషి, భార్య పోయి చాలా ఏళ్ళయింది. తెల్లకోటు మడిచి మోచేతి మీద వేసుకుని, పదకొండు గంటల బస్సు కోసం వీధి చివర నిలబడి ఒక గ్లాసు మాబీ తాగేవాడు. అతను చేసే రమ్ పంచ్ అనే పానీయం కోసం ఓడల్లో వచ్చేవాళ్ళు పేరు పెట్టి అడుగుతారని చెప్పుకునేవారు. అంతకన్నా పేరున్నది అతని ఫలెర్నమ్. నిమ్మతొక్క, లవంగం, అల్లం, వేయించిన బాదం తెల్లరమ్ములో నానబెట్టి, వడకట్టి, నిమ్మరసం, పంచదార పాకం కలిపి ఇంట్లోనే చేసేవాడు. మంచుముక్కల మీద దాన్ని పోసి, పైన ముదురు రమ్ము వేసి ఇస్తే, హోటల్ యజమానురాలు మిసెస్ పిల్‌గ్రిమ్ కూడా కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చునేదట.

ఎర్మిన్‌కి ఇదంతా విన్న మాటే. రమ్ము ఆమె పెదవికి తగిలింది లేదు. పద్నాలుగో ఏట వాళ్ళు చాపెల్ అనే చిన్న చర్చిలో అందరిముందూ నిలబడి తాగనని ప్రమాణం చేసింది. నలభైమూడేళ్ళు వచ్చేదాకా ఆ మాట తప్పలేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం పక్కింటావిడ మేక తాడు తెంపుకుంటే పట్టుకోవడానికి వెళ్ళి, ఎర్మిన్ పొయ్యి సంగతి మర్చిపోయింది. తిరిగొచ్చేసరికి బెరడు అడుగంటి పొగ కమ్మింది. మళ్ళీ కాచడానికి బెరడు లేదు. పైపైన వంచుకుని, పంచదార ఇంకాస్త ఎక్కువ వేసి, పొద్దున్నే దాన్నే నెత్తికెత్తుకుంది.

రేవులో మూటలు మోసే మనిషి ఒకడు మొదటి గుక్క నోట్లో పోసుకుని కాలవలోకి ఉమ్మేశాడు.

"ఏంటమ్మా ఎర్మిన్, బెరడు కాచావా, బొగ్గు కాచావా?"

"తాగితే తాగు, లేకపోతే గ్లాసు ఇలా ఇచ్చెయ్" అంది కానీ, ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇక ఇంటికి పోదామనుకుంటుండగా డార్న్లీ వచ్చాడు. వద్దని చెప్పేలోపే గ్లాసందుకుని గటగటా తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది. రోజూలాగే బ్రహ్మాండంగా ఉంది, మిస్ ఎర్మిన్."

మర్యాదకి అన్నాడేమో అని అతని మొహంలోకి చూసింది. మర్యాద చేసేవాడి కళ్ళు అలా ఉండవు. అతనికి నిజంగానే ఏమీ తెలియలేదు.

"మిస్టర్ హోల్డర్," అంది గొంతు తగ్గించి, "మీకు వాసన తెలియడం లేదు కదూ?"

అతను గ్లాసు తిరిగివ్వబోయి ఆగిపోయాడు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఎక్కలేదు.

"ఎవరికీ చెప్పకండి" అన్నాడు చివరికి. "ఏప్రిల్‌లో వానలో సైకిల్ జారి పడ్డాను. తల గట్టుకి కొట్టుకుంది. దెబ్బ మానింది, వాసన మాత్రం రాలేదు. తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. మిగతాదంతా... గోడని నాకినట్టే."

"మరి పని?"

"పంచ్‌కి కొలతలున్నాయి, చెయ్యి చేసుకుపోతుంది. ఫలెర్నమ్‌కి కొలత లేదండీ. నిమ్మకాయ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. లవంగం పాతదైతే ఒకలా, కొత్తదైతే ఒకలా. పడకముందు చేసినవి పదకొండు సీసాలున్నాయి. అవి అయిపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు."

అంత పొడుగు మనిషి వీధి మధ్యలో చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. ఎర్మిన్ ఆ రాత్రంతా ఆలోచించింది. ప్రమాణం చేసింది పెదవుల గురించి. ముక్కు గురించి ఎవరూ అడగలేదు. ఆ శనివారం పొద్దున్నే బ్లాక్ రాక్‌లో అతనింటికి వెళ్ళి తలుపు తట్టింది.

"వాసన చూసి చెప్తాను. నోట్లో మాత్రం పోసుకోను. ఒప్పుకుంటేనే లోపలికొస్తాను."

"ఒప్పుకోక చస్తానా? రండి, రండి" అని కుర్చీ తుడిచాడు.

బల్లమీద ఫలెర్నమ్ నానుతున్న జాడీ మూత తియ్యగానే ఎర్మిన్ కళ్ళు మూసుకుంది. ఆ వాసన వాళ్ళ నాన్నది. ఆయన రమ్ము పీపాలకి ఇనప కట్లు బిగించే పనివాడు. జన్మలో చుక్క తాగి ఎరగడు. కానీ చొక్కా నిండా, జుట్టు నిండా, గోళ్ళ సందుల్లో కూడా పీపాల వాసనే. ఎంత తోముకున్నా పోయేది కాదు. చాపెల్‌లో ఆయన్ని చివరి బల్లమీద కూర్చోమన్నారు. కొన్నాళ్ళు కూర్చుని, తర్వాత లోపలికి రావడమే మానేశాడు. ఆదివారాలు బయట మెట్లమీద కూర్చుని పాటలు వినేవాడు. లోపల అమ్మ పక్కన కూర్చున్న ఎర్మిన్‌కి తలుపు సందులోంచి ఆయన వీపు కనబడేది.

"ఎలా ఉంది?" అన్నాడు డార్న్లీ ఆత్రంగా.

"బాగుంది."

"బాగుందంటే నాకేం అర్థమవుతుందండీ? ఎవరు ముందున్నారు? లవంగమా, తొక్కా?"

ఇరవై ఏళ్ళుగా వాసనతోనే బతుకుతున్నా, దాన్ని ఇంకొకరికి చెప్పాల్సిన పని ఆమెకి ఎప్పుడూ పడలేదు. మళ్ళీ వంగి వాసన చూసింది.

"లవంగం గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదు."

డార్న్లీ నవ్వాడు. పడ్డాక అతను నవ్వడం అదే మొదటిసారని తర్వాత చెప్పాడు. గబగబా నాలుగు నిమ్మకాయల తొక్క తీసి జాడీలో వేశాడు. "మరి అల్లం?" అంటే, "అల్లం ఎక్కడో పెరట్లో ఉంది, పిలవండి" అంది. మర్నాడు చాపెల్ నుంచి వస్తూ మళ్ళీ చూసింది. తొక్క ముందుకొచ్చింది, లవంగం కూర్చుంది. కానీ పాకమూ రసమూ కలిపాక ముక్కు చాల్లేదు. ఎర్మిన్ చెంచాతో కొంచెం నాలుక మీద వేసుకుని, గిన్నెలో ఉమ్మేద్దామని లేచింది. సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చింది. అది కాస్తా లోపలికి పోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దేవుడు తుమ్ముని లెక్కలోకి తీసుకోడులెండి" అన్నాడతను.

"మీరు ఊరుకోండి" అని, ఆమె కాసేపు నాలుక కదిపి చూసి అంది: "ఇంకో నిమ్మకాయ పిండండి. తీపి బద్ధకంగా ఉంది."

ఆ సీసాలు హోటల్‌కి వెళ్ళాయి. మిసెస్ పిల్‌గ్రిమ్ కుర్చీ తెచ్చుకుని కూర్చుందని కబురొచ్చింది. అప్పట్నుంచి ప్రతి శనివారమూ ఎర్మిన్ బ్లాక్ రాక్‌కి వెళ్ళేది. పని అయ్యాక డార్న్లీ చేసిపెట్టే చిలగడదుంప పుడ్డింగూ, ఊరబెట్టిన పంది మాంసమూ తినేది. అతను తన పళ్ళెంలోది నములుతూ "ఇది ఎలా ఉంది?" అనేవాడు. ఆమె చెప్పేది. దోసకాయ ముక్క చల్లగా ఎలా వాసనేస్తుందో, మిరపకాయ నోటికంటే ముందు ముక్కుని ఎలా గిల్లుతుందో. చెప్పాక అతను మళ్ళీ ఒక ముద్ద తీసుకుని, కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలేవాడు. ఎప్పుడో తెలియకుండానే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

నవంబరులో ఒక శనివారం వడకట్టేటప్పుడు జాడీ ఒలికి ఎర్మిన్ జాకెట్టు చెయ్యంతా తడిసింది. సాయంత్రం ప్రార్థనకి వేళైపోతోందని అలాగే వెళ్ళింది. చాపెల్ పెద్ద బ్రదర్ వారెల్ ఆమె పక్కనుంచి వెళ్తూ ఆగాడు.

"సిస్టర్ గ్రీనిడ్జ్, ఏంటీ వాసన?"

"రమ్ము, బ్రదర్."

ఆయన అబద్ధం వినడానికి సిద్ధపడి ఉన్నాడు కాబోలు, ఒక్క క్షణం తడబడ్డాడు. "తాగావా?"

"పని చేశాను. రుచి చూసి ఉమ్మేస్తాను. రెండుమూడుసార్లు లోపలికి పోయింది, అదీ నిజమే. ఒక మనిషికి వాసన తెలియదు. నేను తెలిసి చెప్తున్నాను. ఇంతే."

"ఎవరా మనిషి? ఆ హోటల్ వాడా? ఊరంతా అనుకుంటోంది. రేపు అందరిముందూ తప్పు ఒప్పుకో. లేదంటే ఈస్టర్ దాకా చివరి బల్ల."

ఎర్మిన్‌కి కోపం రాలేదు. ఎన్నో ఏళ్ళుగా గుండెలో బరువుగా ఉన్నదేదో కదిలినట్టయింది.

"మా నాన్న ఒక్క చుక్క తాగలేదు బ్రదర్. అయినా ఆయన్నక్కడే కూర్చోబెట్టారు. నేనూ అక్కడే కూర్చుంటాను. నాకేం చిన్నతనం లేదు."

మర్నాడు పొద్దున్న తలుపు పక్కనున్న చివరి బల్ల మీద ఒక్కతే కూర్చుంది. ముందు వరసల్లోంచి టోపీలు వెనక్కి తిరుగుతున్నాయి. పాట మొదలయ్యాక తలుపు కిర్రుమంది. డార్న్లీ లోపలికొచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లకోటుతో, టోపీ చేతిలో పట్టుకుని, పొడుగు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తంటాలు పడి ఆమె పక్కన కూర్చున్నాడు. చాపెల్ గడప తొక్కడం అతనికి అదే మొదలు.

"నువ్వెందుకొచ్చావు?" అంది పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని.

"ఏదో వాసనొస్తోందట కదా ఇక్కడ. నాకైతే ఏమీ రావట్లేదే" అన్నాడు గుసగుసగా.

ఎర్మిన్ నవ్వాపుకోలేక పుస్తకం మొహానికి అదుముకుంది. కళ్ళు మాత్రం తడిశాయి. డార్న్లీ ఈస్టర్ దాకా ఒక్క ఆదివారమూ మానలేదు. పాటలు రావు, అయినా పెదవులు కదిపేవాడు. శిక్ష అయిపోయిందని బ్రదర్ వారెల్ చెప్పిన రోజున, "మాకిక్కడ గాలి బాగా వస్తోంది బ్రదర్" అని ఇద్దరూ అక్కడే కూర్చుండిపోయారు.

ఆ వారంలోనే డార్న్లీ వెళ్ళి మిసెస్ పిల్‌గ్రిమ్‌కి తన సంగతంతా చెప్పేశాడు. పని పోతే పోనీ అనుకున్నాడు. ఆవిడ విని, "ఇన్నాళ్ళుగా నేను మెచ్చుకుంటున్నది ఎవర్నో నాకే తెలియలేదన్నమాట. ఆవిణ్ణి తీసుకురా, కుర్చీ వేస్తాను" అంది.

దీవికి స్వాతంత్ర్యం వచ్చి కొత్త జెండా ఎగిరిన ఏడాది వాళ్ళు పెళ్ళి చేసుకున్నారు. అడిగింది ఎర్మినే. "శనివారాలు చాలడం లేదు" అంది. అతను, "మిగతా ఆరు రోజులూ నాకూ ఖాళీయే" అన్నాడు.

మెడనొప్పి ముదిరాక డబ్బా దించేసి, బ్లాక్ రాక్ ఇంటి ముందు కిటికీలోంచే మాబీ అమ్మింది. అక్కడికీ జనం వచ్చారు. పద్దెనిమిదేళ్ళు అలా గడిచాయి. పొద్దున్నే కిటికీ తెరవగానే డార్న్లీ మంచం మీదనుంచే "ఇవాళ ఏంటి?" అనేవాడు. చెరుకు తోటలు కాల్చిన రోజులూ, సముద్రం నాచు కంపు కొట్టిన రోజులూ, దేవగన్నేరు పూలు పూసిన రోజులూ ఉండేవి. ఏదీ లేని రోజున కూడా ఎర్మిన్ "ఏమీ లేదు" అని ఊరుకునేది కాదు. "తడి చెక్క, మన సబ్బు, నువ్వు" అనేది.

డార్న్లీ ఒక మార్చి నెలలో నిద్రలోనే పోయాడు. చాపెల్‌లో చివరి బల్ల దగ్గరే శవపెట్టె ఉంచమని ఎర్మిన్ అడిగింది, బ్రదర్ వారెల్ కాదనలేదు. తర్వాత కొన్ని వారాలకి హోటల్లో కొత్తగా చేరిన ఆవిడ, లెన్నోక్స్ అని, కాగితం పెన్సిలు పట్టుకుని వచ్చింది.

"ఫలెర్నమ్‌లో లవంగాలు ఎన్ని వెయ్యాలో, ఎన్ని గంటలు నానాలో చెప్తే రాసుకుంటానమ్మా."

ఎర్మిన్ ఆవిణ్ణి కూర్చోబెట్టి, జాడీ తెచ్చి మూత తీసి ముందు పెట్టింది.

"కాగితం అవతల పెట్టు తల్లీ. వాసన చూడు. చూసి, అందులో ఎవరున్నారో నాకు చెప్పు. తొందరేం లేదు."