థియోడలైటు పక్కన కూర్చున్న మనిషి

నా చివరి పోస్టింగు గోదావరిఖనిలో, ఏరియా సర్వే ఆఫీసులో సీనియర్ సర్వేయర్‌గా. రిటైర్మెంటు రెండేళ్లుందనగా, ఒక మార్చి మొదటి వారంలో జనరల్ మేనేజర్ గారు పిలిపించి ఒక పెన్సిలు బొమ్మ చేతిలో పెట్టారు. బెల్లంపల్లి వైపు మూతపడిన ఒక గని నుంచి మా ఆఫీసుకు వచ్చిన పాత ప్లాన్ల బీరువాలో దొరికిందది. నడివయసు మనిషి, ఒత్తు మీసం, తెల్ల అంగీ. పక్కన మూడు కాళ్ల స్టాండు మీద థియోడలైటు, అంటే కోణాలు కొలిచే యంత్రం. యంత్రం పక్కన కూర్చున్నవాడు అధికారే అయి ఉండాలని అందరూ తేల్చేశారు. ఆ గని మొదటి మేనేజరని ఎవరో అన్నారు. ఎగ్జిబిషన్ హాలులో పెట్టడానికి ఆయన పేరు చెక్కిన ఇత్తడి పలక కూడా తయారైంది. ఇక మిగిలింది బొమ్మ ఏ కాలం నాటిదో రాసి నేను సంతకం పెట్టడం. గడువు పది రోజులు.

నేను కాగితాన్ని వెనక్కి తిప్పాను. అది పాత గని ప్లాన్ ప్రింటు. తేదీ వేసే మూల చిరిగిపోయింది. చట్టం ప్రకారం మూడు నెలలకోసారి గనిలో తవ్వకం ఎక్కడిదాకా వచ్చిందో సర్వేయరు కొలిచి, అసలు ప్లాన్ మీద గీసి, పక్కనే తేదీ వేయాలి. ప్రింటులో పదిహేడో లెవెల్ అనే సొరంగం ఆగిన చోటును అసలు ప్లాన్‌తో పోల్చాను. అది సుమారు నలభై ఏళ్ల కిందటి ఒక డిసెంబరు గీత. మార్చి గీత దాన్ని దాటిపోయింది. కాబట్టి బొమ్మ ఆ డిసెంబరుకు ముందుది కాదు. మొదటి మేనేజరు అప్పటికి రిటైరై పదకొండేళ్లు.

బొమ్మలోని మనిషి మెడలో తాడుకు బిళ్ల ఉంది. గనిలోకి దిగే ప్రతి కార్మికుడికీ నంబరున్న బిళ్ల ఇచ్చేవారు. భూతద్దంతో నంబరు చదివి రిజిస్టరు తెరిస్తే, ఎదురుగా పోశయ్య, చైన్‌మన్ అని ఉంది. సర్వేయరు వెంట కొలత గొలుసు పట్టుకుని నడిచే మనిషి. మా సెక్షన్‌లో అంతకంటే కింది ర్యాంకు లేదు.

జనరల్ మేనేజర్ గారికి చెప్పాను.

“చైన్‌మన్‌ని థియోడలైటు పక్కన ఎందుకు కూర్చోబెడతారయ్యా?”

“దాన్ని మోసేది ఆయనే సార్.”

ఆయన కాసేపు ఇత్తడి పలక వైపు చూసి, ఖాయం చేసుకుని రమ్మన్నారు. ఆ మాట సబబే. ఒకరు పని మానేస్తే అదే బిళ్ల ఇంకొకరికి ఇచ్చేవారు. ఒక్క నంబరు చాలదు.

పోశయ్య భార్య రాజవ్వ బెల్లంపల్లిలో ఉందని పాత యూనియన్ మనిషి ఒకాయన చెప్పాడు. వెళ్లేసరికి ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. బొమ్మ సంచిలోనే ఉంచాను. ముందే చూపిస్తే కాదనడం ఎవరికైనా కష్టం.

“అవ్వా, పోశయ్య కాకది ఫొటో ఏమన్న ఉందా?”

“ఉన్నదొక్కటే. ఆయన పోయినంక కాయితాలల్ల పెట్టాలె అంటే ఆఫీసుల ఇచ్చిన. మల్ల రాలే.”

పోశయ్య ఎప్పుడు పోయాడని అడిగాను. పదిహేడో లెవెల్ తవ్విన మరుసటి ఏడు వానకాలంలో, కామెర్లతో అంది. అంటే బొమ్మ ఆ వానకాలానికి తర్వాతిది కాదు. ఇక మనిషి ఎట్లా ఉండేవాడో చెప్పమన్నాను.

“ఎట్ల ఉంటడు, మనిషి లెక్కనే ఉంటడు. మీసం పెద్దది. ఎడమ చెయ్యి వాటం. అంగీకి జేబు కుడి దిక్కు కుట్టిచ్చుకునేటోడు. దర్జీ నవ్వేటోడు.”

నేను ఆ బొమ్మను వారం రోజులుగా భూతద్దంతో చూస్తున్నాను. జేబు కుడివైపు ఉన్న సంగతి గమనించనే లేదు. సంచిలోంచి తీసి చూసుకుని, అప్పుడు ఆమెకు ఇచ్చాను.

రాజవ్వ చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. వెలుతురుకు తిప్పి చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

“గీసినోడెవడో కోపంగ ఉన్నట్టు గీసిండు. కోపం కాదు బిడ్డా అది. ఒక్కకాడ కూసునుడు ఆయనకు శాతకాదు.” తర్వాత అడిగింది: “ఇది నాకిస్తరా?”

ఆఫీసు కాగితమని, అడిగి చెబుతానని అన్నాను. తిరిగి ఇవ్వడానికి ఆమెకు కొంత సమయం పట్టింది.

రిపోర్టు ఒకటిన్నర పేజీ రాశాను. చివర ఒక పేరా చేర్చాను: వెనకవైపు ప్రింటు పాతబడింది, అసలు ప్లాన్ భద్రంగా ఉంది, కాబట్టి ఈ కాగితాన్ని కుటుంబానికి ఇవ్వడానికి సర్వే సెక్షన్‌కు అభ్యంతరం లేదు. జనరల్ మేనేజర్ గారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. ఇత్తడి పలకను తిప్పి రెండోవైపు ‘పోశయ్య, చైన్‌మన్’ అని చెక్కించారు. హాలులో పెట్టింది నకలు. అసలు బొమ్మను నేనే బస్సులో తీసుకెళ్లి రాజవ్వకు ఇచ్చి, ముట్టినట్టు వేలిముద్ర తీసుకున్నాను.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక పద్ధతి. దేన్నైనా గుర్తుపట్టమని అడిగేటప్పుడు, వస్తువు చూపించకముందే తెలిసిందంతా చెప్పించుకుని రాసుకోవాలి. మిగిలిన రెండేళ్లూ పాత గనుల హద్దుల గురించి ముసలి కార్మికులను అడిగినప్పుడు, వాళ్లు చెప్పడం పూర్తయ్యాకే ప్లాన్ విప్పాను.